మెట్రిక్ ఏడాది: చదువు పిల్లలది, కాగితాలూ చుట్టాలూ మనవి

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం దాకా మన తెలుగు ఇళ్ళల్లో పదో తరగతిని ఇప్పటికీ మెట్రిక్ అనే అంటాం. ఆ ఏడాది ఇంట్లో పరిస్థితి కొంచెం విచిత్రంగా ఉంటుంది. పిల్ల ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతుంది. అమ్మకి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాన్న కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. శ్రీకాకుళంలో ఉన్న మేనమామ ఫోన్ చేసి ఆంధ్రా లెక్కన సలహాలు చెబుతాడు. "మన పిల్లని మనం చదివించుకోలేకపోతున్నాం" అనే దిగులు అక్కడే పుడుతుంది.

ఆ దిగులు పక్కన పెట్టండి. పదో తరగతి లెక్కలు మీకు రాకపోతే కొంప మునిగిపోదు, వాటికి మాస్టార్లున్నారు. స్కూల్ ఆఫీసులో పేరు సరిచేయించడం, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం, పెళ్ళిపిలుపులకి మొహమాటం లేకుండా రాలేమని చెప్పడం, ఇంటర్ కాలేజీల ఫోన్లకి జవాబివ్వడం మాత్రం పదిహేనేళ్ళ పిల్లల చేతిలో పనులు కావు. అవి మీరు మీద వేసుకుంటే వాళ్ళకి చదువుకునే తీరిక దానంతటదే దొరుకుతుంది. ఏ నెలలో ఏది చూసుకోవాలో ఆ వరసలోనే చెబుతాను.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కటక్ బోర్డు, అంటే ఒడిశా రాష్ట్ర బోర్డు, పరీక్ష రాసేవాళ్ళ గురించి. ఆదర్శ విద్యాలయం, కేంద్రీయ విద్యాలయం పిల్లలది సీబీఎస్ఈ. వాళ్ళకి తేడా వచ్చినచోట విడిగా చెబుతాను.

జూన్, జులై: పుస్తకాల కంటే ముందు పేర్లు చూడండి

వేసవి సెలవులు అయ్యి స్కూళ్ళు తెరిచిన వారంలోనే నాలుగు కాగితాలు తీసి నేలమీద పక్కపక్కన పరవండి. జనన ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, స్కూల్లో రాసుకున్న పేరు. నాలుగింట్లో ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా?

మన వైపు ఇళ్ళల్లో చాలావరకు ఒకటి కాదు. తెలుగు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడిశా ఫారాల్లో దాన్నే టైటిల్ అంటారు, అది చివర వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే స్కూల్లో ఒక్క అక్షరమే ఉంటుంది. పైగా ఒడియా నోట "వ" చాలాచోట్ల "బ" అవుతుంది కదా, ఒకటో తరగతిలో చేర్చిన రోజు మీరు విజయ అని చెబితే రిజిస్టర్లో బిజయ అని ఎక్కుతుంది, శ్రీనివాస్ శ్రీనిబాస్ అవుతాడు, వెంకట బెంకట అవుతుంది. పదేళ్ళు ఎవరూ పట్టించుకోరు. మెట్రిక్ సర్టిఫికెట్ మీద అదే అచ్చవుతుంది. పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ పుట్టినతేదీ రుజువుగా ఆ తర్వాత జీవితాంతం చూపించేది ఆ కాగితమే.

బోర్డుకి వివరాలు పంపేది స్కూలే. ఫారం నింపే రోజులు రాకముందే హెడ్‌మాస్టారికి ఒక అర్జీ రాసి, జనన ధ్రువపత్రం జిరాక్స్ జతచేసి ఇవ్వండి. స్కూల్ స్థాయిలో ఉండగానే దిద్దుబాటు తేలిక. సర్టిఫికెట్ అచ్చయ్యాక అదే దిద్దుబాటుకి అఫిడవిట్లు, ఫీజులు, బోర్డు ఆఫీసు తిరుగుళ్ళు. ఫారం నింపే రోజున పిల్లతోబాటు మీరూ వెళ్ళి, సంతకం పెట్టేముందు తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, కేటగిరీ నాలుగూ వేలు పెట్టి చదవండి. చదవడం రాకపోతే చదువొచ్చిన పక్కింటి వాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి. అందులో నామోషీ ఏం లేదు.

కులం, ఆదాయం, నివాస ధ్రువపత్రాలకి కూడా దసరా లోపే ప్రభుత్వ ఈ-డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అర్జీ పెట్టండి, జనసేవా కేంద్రంలో చేసిపెడతారు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆంధ్రా లిస్టు వేరు, ఒడిశా లిస్టు వేరు. సోంపేటలో తాతగారికి ఎమ్మార్వో ఇచ్చిన కులం కాగితం చూపిస్తే ఇక్కడ చెల్లదు. మీ కులం ఒడిశా లిస్టులో ఉందా, ఉంటే ఏ పేరుతో ఉంది, ఏ కేటగిరీ కింద ఉంది అన్నది తహసీల్ ఆఫీసులో కనుక్కుని ఆ తర్వాతే అర్జీ పెట్టండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఇవన్నీ కావాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ ముడిపడి ఉండాలి.

ఇంకో కాగితం గురించి చాలామందికి తట్టదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి. తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివిన పిల్లలకి ఇది రేపు అడ్డం రావచ్చు. ఒడియా సబ్జెక్టు కనబడే పాత మార్కుల షీట్లు పారేయకండి, పాత పేపర్లవాడికి అసలే వేయకండి.

ఆగస్టు నుంచి నవంబరు: మీకు రాని పాఠం మీరు ఎలా చెప్పించాలి

మెట్రిక్‌లో ఆరు పేపర్లు. మొదటి భాష, ఇంగ్లీషు, మూడో భాష, లెక్కలు, సైన్సు, సోషల్. ఇందులో మీకు ఒక్కటీ రాకపోయినా రోజుకి ఇరవై నిమిషాలు మీరు చేయగలిగిన పని ఒకటుంది. పిల్ల ఆ రోజు చదివింది మీకు తెలుగులో చెప్పాలి. పుస్తకం మూసి, మీరు కూరలు తరుగుతున్నప్పుడో, బట్టలు మడత పెడుతున్నప్పుడో. "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏటమ్మా, నాకు తెలిసేలా చెప్పు" అనండి. ఒడియాలో బట్టీ పట్టింది తెలుగులోకి రాదు, అర్థమైతేనే వస్తుంది. ఎక్కడ నసుగుతుందో అక్కడే ఆ పాఠంలో లోపం ఉంది. ఆ పాఠం పేరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి, మర్నాడు మాస్టారిని అడగమనండి. మీరు తప్పు పట్టక్కర్లేదు, పట్టలేరు కూడా. వినేవాళ్ళు ఎదురుగా ఉంటే చాలు.

ఒడియా పుస్తకం చూసి బెదిరిపోకండి. బీజగణితం, జ్యామితి, త్రిభుజం, సమీకరణం, ఉదాహరణ లాంటి మాటలు అటూ ఇటూ ఒకటే. లిపి వేరు, అంతే.

దసరా సెలవులు అయ్యాక బజార్లోకి టెస్ట్ పేపర్ పుస్తకాలు వస్తాయి. ఒకటి కొనండి, మూడు కొనకండి. ఆదివారం పొద్దున్న ఒక పూర్తి పేపరు, పరీక్షకిచ్చేంత టైములోనే, గడియారం ఎదురుగా పెట్టి రాయించండి. మీ పని టైము చూడటం, ఆ కాసేపు ఎవరినీ గదిలోకి రానివ్వకపోవడం. రాసింది ట్యూషన్ మాస్టారు దిద్దుతారు. పరీక్షలో తెలిసిన జవాబులు టైము చాలక వదిలేసే పిల్లలు చాలామంది. ఆ రోగానికి మందు ఇదొక్కటే.

ట్యూషన్ల గురించి నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. మన ఊళ్ళలో తెల్లారి ఐదుకి లెక్కల ట్యూషన్, స్కూలు, సాయంత్రం సైన్సు ట్యూషన్, రాత్రి ఇంగ్లీషు. ఇంటికొచ్చేసరికి పిల్లాడి కళ్ళు మూతపడుతుంటాయి. చెప్పింది ఒంటరిగా కూర్చుని చేసుకోడానికి రోజుకి రెండు గంటలైనా మిగలని ఏర్పాటు దండగ. ఏ రెండు సబ్జెక్టుల్లో నిజంగా అవసరమో పిల్లలనే అడిగి, మిగతావి మాన్పించండి. మానిపిస్తే మాస్టారేమనుకుంటారో అన్న మొహమాటం మీదాకా వస్తే దాన్ని మీరే మోయండి, పిల్లని పంపి చెప్పించకండి.

కళ్ళు ఒకసారి చూపించండి. బోర్డు మీద అక్షరాలు కనబడక వెనకబడిన పిల్లల్ని మొద్దు అంటూ తిట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

సీబీఎస్ఈ పిల్లలకి 2026 నుంచి పదో తరగతికి ఏడాదికి రెండు పరీక్షలు. ఫిబ్రవరిలోది అందరూ రాయాల్సిందే. మేలో వచ్చేది ఇష్టమైనవాళ్ళకి, మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోడానికి. రెండోది ఉంది కదా అని మొదటిది తేలిగ్గా తీసుకోనివ్వకండి. అలాగే మొదటిదానికి ప్రాణం మీదికి తెచ్చుకోనివ్వకండి కూడా.

సంక్రాంతి, మాఘం: అసలు గండం ఇక్కడుంది

2025లో కటక్ బోర్డు పరీక్షలు ఫిబ్రవరి 21న మొదలై మార్చి 6న ముగిశాయి. ఏటా కొద్దిరోజులు అటూ ఇటూ ఈ కాలమే. ఇప్పుడు పంచాంగం తీసి చూడండి. జనవరి మధ్యలో సంక్రాంతి, ఊరు వెళ్ళాలి. వెంటనే మాఘం, అంటే పెళ్ళిళ్ళు. మాఘ శుద్ధ పంచమికి సరస్వతీ పూజ, ఒడిశాలో స్కూలు స్కూలంతా పందిళ్ళు, చందాలు, ఊరేగింపు. పెద్ద తరగతి పిల్లలే అన్నీ నడపాలి. పరీక్షకి ముందు ఐదారు వారాలు ఇలా కరిగిపోతాయి.

సంక్రాంతికి ఊరెళ్ళకపోతే నానమ్మ చిన్నబుచ్చుకుంటుంది. వెళ్ళండి, కానీ భోగికి వెళ్ళి కనుమ మర్నాడు రైలెక్కేయండి. పుస్తకాల సంచీ మోయించుకెళ్ళకండి, ఆ మూడు రోజులు పిల్లలు హాయిగా ఉండనీయండి. తెరవని పుస్తకాలు తీసుకెళ్ళి, తెరవలేదని తిట్టడం వల్ల పండగా పోతుంది, చదువూ రాదు. పెళ్ళిళ్ళకి ఇంట్లోంచి ఒక్కరు వెళ్ళి రావాలి, రెండోవారు పిల్లతో ఉండాలి. దగ్గరి పెళ్ళయితే ముహూర్తానికి తీసుకెళ్ళి తీసుకొచ్చేయండి. "మా వాడికి మెట్రిక్ అండీ, ఏమీ అనుకోవద్దు" అంటే ఎవరూ అనుకోరు. అనుకునేవాళ్ళు మీరు వెళ్ళినా ఏదో ఒకటి అనుకుంటారు.

సరస్వతీ పూజ దగ్గర మాత్రం పిల్లల పక్షమే నాది. ఆ ఒక్క రోజు పోనివ్వండి. స్నేహితులతో కలిసి చేసే చివరి పూజ అది. ముందు వారం రోజుల చందా వసూళ్ళు, తర్వాతి నిమజ్జనం డీజే దగ్గర మాత్రం గీత గీయండి.

ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఇంకో సంగతి చూసుకోవాలి. చుట్టాలొస్తే టీలు, తమ్ముడి అన్నం, వాకిట్లో ముగ్గు అన్నీ పిల్లకే చెబుతారు. కొడుకు మెట్రిక్ అయితే ఇంట్లో టీవీ కట్టేస్తారు, కూతురు మెట్రిక్ అయితే "కాస్త ఈ గిన్నెలు కడిగి చదువుకోవే" అంటారు. జనవరి నుంచి మార్చి దాకా ఆ పనులు పంచుకోండి. నెలసరి నొప్పి పరీక్ష రోజుల్లో వచ్చేలా ఉంటే ఏం చేయాలో ముందే డాక్టరమ్మని అడిగి ఉంచుకోండి.

నిద్ర సంగతి. ఈ వయసు పిల్లలకి రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. రాత్రి పదకొండుకి పడుకుని నాలుగుకి లేచే పిల్లాడిని చూసి మురిసిపోకండి. చదివింది బుర్రలో స్థిరపడేది నిద్రలోనే. రాత్రి పది దాటాక ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే అల్మారాలో ఛార్జింగుకి పెట్టండి, మీదీ పెట్టండి. పిల్లల ఫోన్ లాక్కుని మీరు మంచం మీద రీల్స్ చూస్తుంటే మీ మాట ఎవరు వింటారు?

తిండి పెద్ద విషయం కాదు, ఇంట్లో రోజూ తినేదే. పొద్దున్న రాగి అంబలి, అటుకులు, ఇడ్లీ ఏదైనా సరే, ఖాళీ కడుపుతో పంపకండి. పరీక్షల పక్షం రోజులు బస్టాండు బరా ఘుగుని మాత్రం మాన్పించండి. కడుపు చెడితే ఏ టెస్ట్ పేపరూ కాపాడదు.

చుట్టాలకి జవాబు చెప్పే పని మీదే

ఫోన్లో మేనత్త అడుగుతుంది: "ఏరా, ఎంత పర్సెంటేజీ వస్తాది? మా చిన్నోడు క్లాస్ ఫస్టు." పిల్లాడు నీళ్ళు నములుతాడు. ఆ ఫోన్ మీరు అందుకోండి. "వదినా, పరీక్షలయ్యేదాకా వాడితో చదువు మాటొద్దు, పండగ మాటలు మాట్లాడు" అని నవ్వుతూనే చెప్పండి. ఒకటి రెండుసార్లు చెబితే అందరికీ తెలిసిపోతుంది.

ఆంధ్రా బోర్డు మార్కులనీ కటక్ బోర్డు మార్కులనీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకా దండగమారి పని. పేపర్లు వేరు, దిద్దే పద్ధతి వేరు, ఒకే తక్కెడలో తూచడానికి వీల్లేదు. అన్న మార్కులతో చెల్లెలిని పోల్చడం గురించైతే నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరితో పోల్చారో మీకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

మీరే అడగాలనిపించినప్పుడు "ఎంత చదివావు?" అని అడక్కండి. ఆ ప్రశ్నకి అబద్ధమే జవాబు. "ఈ రోజు ఏది తల తిన్నది?" అని అడిగి చూడండి, మాట కదులుతుంది.

పరీక్షల వారం

సెంటర్ ఒక్కోసారి వేరే స్కూల్లో పడుతుంది. ముందు ఆదివారమే పిల్లతో వెళ్ళి దారి, గేటు చూసి రండి. ఏ ఆటో దొరుకుతుందో, రాయగడ లాంటి చోట రైల్వే గేటు పడితే ఎంత ఆగాలో తెలుస్తుంది. అడ్మిట్ కార్డు జిరాక్సులు రెండు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి మీ జేబులో పెట్టుకోండి. రాత్రే పెన్నులు, స్కేలు, జామెట్రీ బాక్స్, నీళ్ళ సీసా సర్దించండి. ఫోన్, స్మార్ట్ వాచీ ఇంట్లోనే.

మజ్జిగౌరమ్మకి మొక్కుకోవాలనుంటే ముందు వారమే వెళ్ళి రండి. పరీక్ష రోజు పొద్దున్న గుడి క్యూలో నిలబెట్టకండి.

బయటికి రాగానే క్వశ్చన్ పేపరు లాక్కుని గేటు దగ్గరే జవాబులు సరిచూడటం మన దగ్గర ఒక జాతర. మీ పిల్లని అందులోంచి తప్పించి ఇంటికి తీసుకొచ్చేయండి. అయిపోయిన పేపరులో మార్కు పెరగదు, రాబోయే పేపరులో మాత్రం తగ్గుతుంది. అన్నం పెట్టండి, గంట పడుకోనీయండి. లెక్కల పేపరు పాడైందని ఏడిస్తే ఏడవనీయండి. "ఏం కాదులే" అని నోరు మూయించేకంటే పక్కన కూర్చోవడం మేలు.

వైజాగా, ఇక్కడేనా?

ఇంటర్ ఎక్కడ అన్నది అసలు పరీక్షలయ్యాక కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. కానీ కాలేజీల ఫోన్లు డిసెంబరు నుంచే మొదలవుతాయి. "ఇప్పుడు సీటు బుక్ చేసుకుంటే ఫీజు తగ్గిస్తాం" అంటారు. ఫలితాలకి ముందు ఎవరికీ ఒక్క రూపాయి కట్టకండి. మార్కులు వచ్చాక కూడా మీ డబ్బు తీసుకోడానికి వాళ్ళు సిద్ధంగానే ఉంటారు.

ఆంధ్రాలో ఇంటర్ చదివిస్తే తెలుగు వాతావరణం, హాస్టల్, ఎంట్రన్స్ కోచింగ్. ఇవన్నీ ఉన్నమాటే. బంధువులు దగ్గరుంటారు. కానీ రూల్స్ చూసుకోకుండా పంపితే రెండేళ్ళ తర్వాత రెంటికీ చెడ్డ రేవడి అయ్యే ప్రమాదముంది. మూడు సంగతులు చూడండి.

మొదటిది ఎన్ఐటీలు, అంటే కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు. ప్రతి ఎన్ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి. సొంత రాష్ట్రం అంటే ఇల్లున్నది కాదు, పుట్టినది కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. మీ అబ్బాయి ప్లస్ టూ బరంపురంలో చదివితే రూర్కెలా ఎన్ఐటీలో సొంత రాష్ట్రం వాడు. ఇంటర్ వైజాగ్‌లో చదివితే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సొంత రాష్ట్రం వాడవుతాడు, రూర్కెలాలో బయటివాడవుతాడు. రెండు కాలేజీల్లో గత ఏళ్ళ ర్యాంకులు ఎక్కడ ఆగాయో చూస్తే ఏది లాభమో మీకే తెలుస్తుంది.

రెండోది ఆంధ్రా ఈఏపీసెట్, అక్కడి ఇంజనీరింగ్ ఎంట్రన్స్. అక్కడ కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ పిల్లలకి. లోకల్ కావాలంటే ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు అక్కడే చదివి ఉండాలి. మెట్రిక్ ఒడిశాలో చదివి రెండేళ్ళు ఇంటర్‌కి వెళ్ళిన పిల్లలు ఆ లెక్కలో సరిపోరు. మిగతా 15 శాతానికి కూడా షరతులున్నాయి, తల్లో తండ్రో పదేళ్ళు ఆ రాష్ట్రంలో ఉండి ఉండటం, అక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేస్తుండటం లాంటివి. మీ ఇంటికి అందులో ఏది వర్తిస్తుందో ఆ ఏడాది నోటిఫికేషన్లో చదివి తేల్చుకోండి. కాలేజీ ఏజెంటు నోటిమాట నమ్మకండి.

మూడోది ఒడిశా మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు. వీటికి ఇక్కడి నివాస పత్రం అడుగుతారు. అందుకే దసరా లోపు తీసి ఉంచమన్నాను. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మీద ఆశ ఉన్న ఇల్లయితే పిల్లల్ని ఆంధ్రా పంపడానికి ముందే ఆ రూల్స్ చదవండి.

ఇంత రాసినా, నిజంగా చూడాల్సింది పిల్లని. పదిహేనేళ్ళకి మొదటిసారి ఇల్లు వదిలి, పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులుండే హాస్టల్లో ఉండగలదా? ఆ మాట పిల్లనే అడగండి, అత్తయ్య వినకుండా అడగండి. ఇల్లు వదలడం ఇష్టంలేని పిల్లని ఫీజు కట్టేశామని పంపిన కేసులు ఎలా ముగుస్తాయో మన ఊళ్ళలో అందరం చూస్తున్నదే. ఇక్కడే ఉంటే బరంపురం ఖల్లికోట, పర్లాకిమిడి ఎస్‌కేసీజీ లాంటి పాత పేరున్న కాలేజీలున్నాయి. సైన్సు ఒక్కటే దారి కాదు కూడా. చేతిపని అంటే ఇష్టమున్న పిల్లలకి డిప్లొమా, ఐటీఐ ఉన్నాయి. బరంపురం ఐటీఐకి, ఉమా చరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూల్‌కి మంచి పేరుంది.

ఫలితాల రోజు

2025లో ఫలితాలు మే 2న వచ్చాయి. ఏ రోజో ముందే తెలుస్తుంది. ఆ రోజు మీలో ఒకరు ఇంట్లో ఉండండి. మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టాలా వద్దా పిల్లలే చెప్పాలి.

తక్కువొచ్చినా, తప్పినా, మొదటి గంటలో మీ నోటివెంట వచ్చే మాట చాలాకాలం గుర్తుంటుంది. తప్పినవాళ్ళకి సప్లిమెంటరీ ఉంది, అనుమానం ఉన్న పేపరుకి రీచెకింగ్ ఉంది, రెగ్యులర్ స్కూలే పడనివాళ్ళకి ఓపెన్ స్కూల్ ఉంది. ఇవి ముందే తెలిసి ఉంటే ఆ గంటలో మీ గొంతు వణకదు.

కొన్ని గుర్తులు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రోజులతరబడి నిద్ర లేకపోవడం లేదా లేవకపోవడం, అన్నం మానేయడం, స్నేహితులకి దూరం కావడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట. అలాంటిది వింటే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చెప్పుకోడానికి దారి దొరుకుతుంది. ఒంటరిగా వదలకండి. పొలం ఉన్న ఇల్లయితే పురుగుమందు ఇంట్లోంచి తీసి తాళం వేసిన చోట పెట్టండి, ఫలితాలకి వారం ముందే. 14416కి ఫోన్ చేయొచ్చు, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పిల్లలు తామే చేయాలనుకుంటే 1098 కూడా ఉంది.

అడ్మిషన్, సర్టిఫికెట్లు

ఒడిశాలో ప్లస్ టూ అడ్మిషన్లు ప్రభుత్వ సామ్స్ వెబ్‌సైట్‌లో ఒకే దరఖాస్తుతో జరుగుతాయి. డిప్లొమా, ఐటీఐ సీట్లూ ఆ వెబ్‌సైట్‌లోనే. కాలేజీలు, గ్రూపులు ఏ వరసలో రాస్తే ఆ వరసలోనే చూస్తారు. అందుకే దగ్గరిదనో, స్నేహితుడు రాశాడనో కాకుండా నిజంగా కావాల్సింది ముందు రాయండి. పోయిన ఏడాది ఏ కాలేజీలో కటాఫ్ ఎంతో అక్కడే కనిపిస్తుంది. మొదటి మూడూ అందనివి రాసి చివర ఒక భద్రమైనది రాయకపోతే ఇబ్బంది. ఫారంలో మీ ఫోన్ నంబరే ఇవ్వండి, జనసేవా కేంద్రం వాడి నంబరు ఇవ్వకండి. మెసేజీలు దానికే వస్తాయి, చేరాల్సిన ఆఖరు తేదీ కూడా.

ఆంధ్రా వెళ్ళేవాళ్ళయితే స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్‌తోబాటు కటక్ బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. వెళ్ళాక గుర్తొస్తే మళ్ళీ రైలు.

కాలేజీలో ఒరిజినల్స్ తీసుకుంటారు. ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేయించి మీ మెయిల్‌కి పంపుకోండి, జిరాక్సులు ఐదేసి సెట్లు తీయించండి, ఏవేవి ఇచ్చారో రాయించుకుని ముద్ర వేయించుకోండి. మెట్రిక్ సర్టిఫికెట్‌ని మురిపెంగా లామినేషన్ మాత్రం చేయించకండి. వెనక ముద్ర వేయాల్సొచ్చినప్పుడు, ఏదైనా దిద్దించాల్సొచ్చినప్పుడు ప్లాస్టిక్ ఊడదీస్తే కాగితం చిరుగుతుంది. పారదర్శకమైన ఫైలు కవరు పదిహేను రూపాయలకి ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది.